బంటు చివరి గడి చేరితే

మార్చి 4, మంగళవారం

ఓడిపోయాను. తొమ్మిదో ఎత్తుకి మంత్రి పోయింది, పదో ఎత్తుకి పరువు పోయింది.

ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి రాసుకుంటున్నాను. మా బస్సు డిపోలో పదకొండేళ్లుగా మొదటి బల్ల నాది. మా చదరంగం జట్టు వేరే డిపోల మీదికి వెళ్తే, అవతలి జట్టులో మొనగాడికి ఎదురుగా కూర్చునేది నేను. నా ఉద్యోగం టైమ్ ఆఫీసులో. ఏ బస్సు ఎన్నింటికి వెళ్లిందో, ఎన్నింటికి వచ్చిందో రాసుకోవడం. అందులో గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఉన్న గొప్పంతా ఆ బల్లే.

మధ్యాహ్నం భోజనాల వేళ స్టోర్స్ ఆయన ఒకావిడని వెంటబెట్టుకొచ్చాడు. స్టోర్స్ ఆయనే మా క్లబ్బుకి సెక్రటరీ కూడా. ఆవిడ బస్సులకి అతుకులేసే బాడీ షాపులో కొత్తగా చేరిన వెల్డరు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. చేతులకి మసి, నుదుటి మీద మాస్కు పట్టీ గుర్తు.

"ఈవిడా ఆడుతుందట గురువుగారూ. ఒక ఆట వెయ్యండి."

"దానికేం, కూర్చోమ్మా" అన్నాను. ఆ "దానికేం" ఇప్పుడు చెవిలో జోరీగలా తిరుగుతోంది.

ఎప్పటిలాగే మంత్రి ముందరి బంటుని రెండు గడులు జరిపాను. ఇరవై ఏళ్లుగా నాది అదే ఎత్తు, మొదటి బస్సు అయిదున్నరకి బయల్దేరినట్టు. ఆవిడా తన మంత్రి బంటుని ఎదురు నిలబెట్టింది. నేను పక్క బంటుని తోడు పంపాను. ఇక్కడ బుద్ధిమంతులెవరైనా తమ బంటుకి కాపలా పెట్టుకుంటారు. ఈవిడ రాజు ముందరి బంటుని రెండు గడులు తోసి నా నోటి దగ్గర పెట్టింది. ఊరికే, తీసుకోండి అన్నట్టు.

తీసుకున్నాను. అంతే, ఆవిడ మొదటి బంటు ఒక గడి ముందుకొచ్చి నా నట్టింట్లో కూర్చుంది. దాన్ని వెళ్లగొడదామని నా రాజు బంటుని ఒక్క గడి జరిపాను. అదే నా తప్పు. శకటుతో చెక్ పెట్టింది. నా శకటుని అడ్డం పెట్టాను. తన శకటుని గాలికొదిలేసి బంటుతో నా బంటుని చంపింది. నేను శకటుని చంపాను. ఆ బంటు ఇంకోదాన్ని చంపి మళ్లీ చెక్ అంది. రాజు తప్పుకున్నాడు. అప్పుడు ఆ పొట్టి బంటు నా గుర్రాన్ని కూడా చంపి చివరి గడిలో దిగింది.

నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు బంటుకి బదులు మంత్రిని తీసుకుంటుంది. తీసుకోగానే నేను ఆవిడ అసలు మంత్రిని చంపేస్తాను, ఆ తర్వాత కొత్త మంత్రినీ చంపేస్తాను. లెక్క సరిపోయింది. ఆవిడ మాత్రం పక్క బల్ల మీది పెట్టెలోంచి ఒక నల్ల గుర్రాన్ని తీసి అక్కడ నిలబెట్టింది. "చెక్ అండీ" అంది.

గుర్రం! గుర్రాన్ని ఏనుగుతో చంపాను. రెండో శకటు ఏటవాలుగా వచ్చి మళ్లీ చెక్. రాజు తప్పుకుంటే వెనకాలే మంత్రి. దానితో సరి.

ఇంత అందంగా నేనెప్పుడూ ఓడిపోలేదు. కోపం రావాల్సింది. గదిలో ఉన్న డ్రైవర్లంతా నవ్వుతుంటే నేనూ బల్లకేసి చూసి నవ్వాను. వాళ్లంతా డ్యూటీలకి వెళ్లాక "గుర్రం ఎలా తోచిందమ్మా?" అని అడిగాను.

"అది గుర్రం గడి కదండీ. అక్కడ దిగితే గుర్రమే అవుతుంది. ఇంకేమవుతుంది?"

వాళ్ల నాయనమ్మ నేర్పిందట. గుడ్డ మీద గళ్లు గీసుకుని ఆడేవాళ్లట. బంటు ఏ గడిలో దిగితే ఆ గడి యజమాని అవుతుంది. ఏనుగు గడిలో ఏనుగు, శకటు గడిలో శకటు. మంత్రి కావాలంటే మంత్రి గడి దాకా పోవాల్సిందే. పాతకాలం ఆట. ఇప్పుడలా కాదు. ఏ గడిలో దిగినా మనకిష్టమైన పావుని తీసుకోవచ్చు.

ఆ మాట చెప్పబోయాను. అంతలో గేటు దగ్గర పన్నెండో నంబరు బస్సు హారన్ కొట్టింది. నలభై నిమిషాలు లేటు. లేచి వెళ్లాల్సి వచ్చింది. రేపు చెబుతాను.

మార్చి 5, బుధవారం

చెప్పలేదు. ఆవిడ కనపడలేదు.

కనపడింది, కానీ మాస్కు వేసుకుని ఉంది. బాడీ షాపు కిటికీలోంచి కాసేపు చూశాను. ఒక బస్సు మెట్టు విరిగితే అతుకుతోంది. చెయ్యి అదరదు, ఆగదు. మాస్కు తీసి, అతుకుని ఒక్కసారి వేలితో తడిమి, తల ఊపుకుని పక్కదానికి వెళ్లిపోయింది. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని అటూ ఇటూ చూడలేదు. నేనైతే చూసేవాణ్ణి.

మార్చి 6, గురువారం

సాయంత్రం ఇంట్లో బల్ల వేసి మా ఆవిడకి ఆ ఆట మొత్తం చూపించాను. తనకి చదరంగం రాదు. గుర్రం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పెరిగింది.

"ఇంతకీ ఎవరు గెలిచారండీ?"

"అది కాదు ముఖ్యం."

"అంటే మీరు ఓడిపోయారన్నమాట. ఓడిపోయి ఇంత సంబరంగా చెప్పడం ఇదే చూడ్డం." నల్ల గుర్రాన్ని చేతిలోకి తీసుకుంది. "పాపం ఆవిడకి రూలు తెలియదంటున్నారు. చెప్పారా మరి?"

"చెప్తాను. తొందరేముంది?"

మార్చి 8, శనివారం

పుస్తకం తిరగేశాను. ఊరికే ఇచ్చిన ఆ బంటుకి మందు ఉంది. దాన్ని వెళ్లగొట్టాలని తొందరపడకూడదు. ముందు గుర్రాన్ని బయటికి తీసి, రాజు పక్కన సందు చేసి, శకటుని ఆ సందులో కూర్చోబెట్టి, నిదానంగా ఆడితే ఆ బంటు మనదే. పుస్తకం రాసినాయన నాలాంటి మనిషి. ప్రతి ఎత్తుకీ గొడుగు వెంట తీసుకెళ్లే రకం.

మధ్యాహ్నం ఆవిడతో మళ్లీ ఆడాను. పుస్తకంలో ఉన్నట్టే ఆడాను. మందు పనిచేసింది. బంటు నా దగ్గరే ఉంది. కానీ ఆవిడ పావులన్నీ నిద్ర లేచాయి, నావన్నీ ఆవలిస్తున్నాయి. ఆ నట్టింటి బంటు అక్కడే కూర్చుని నా గుర్రాన్ని కదలనివ్వలేదు. ఒక బంటు ఎక్కువుండి కూడా నలభై ఎత్తులు బిక్కుబిక్కుమంటూ గడిపాను. చివరికి డ్రా.

"మంచి ఆటండీ" అంది. మొహమాటానికి కాదు. ఆట బాగుందని నిజంగానే సంతోషపడింది. ఓడినా గెలిచినా ఒకేలా సంతోషపడే మనిషిని నేను ఇదివరకు చూడలేదు. నాకైతే గెలిస్తే ఆకలి, ఓడితే తలనొప్పి.

రూలు సంగతి ఈ రోజు చెప్పే సందర్భం రాలేదు. బంటు ఏదీ చివరి గడి దాకా వెళ్లనేలేదు.

మార్చి 10, సోమవారం

క్లబ్బు గది గోడ మీదున్న రూల్స్ కాగితం తీసేశాను. అంచులు చిరిగాయి, మధ్యలో టీ మరక. అలాంటి కాగితం వేలాడుతుంటే చూసేవాళ్లకి మర్యాదగా ఉండదు. కొత్తది టైపు చేయించాలి. ప్రస్తుతానికి నా టేబుల్ సొరుగులో పెట్టాను.

మార్చి 11, మంగళవారం

టైపిస్టు సెలవు.

మార్చి 13, గురువారం

స్టోర్స్ ఆయన పొద్దున్నే టైమ్ ఆఫీసుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈయన కుర్చీ లాక్కున్నాడంటే వార్త మంచిది కాదని అర్థం.

"వచ్చే నెల డిపోల పోటీ. మొదటి బల్ల మీద ఎవరు కూర్చోవాలో ఆడి తేల్చుకోమంటున్నారు మనవాళ్లు."

"ఎవరా మనవాళ్లు?"

"అందరూ గురువుగారూ. ఆవిడ వచ్చాక డ్రైవర్లు కూడా భోజనం మానేసి ఆట చూస్తున్నారు. ఒక్కటే ఆట. పాతవారు కాబట్టి మీకో వెసులుబాటు. డ్రా అయినా బల్ల మీదే. ఆవిడ గెలిస్తేనే ఆవిడది."

ఇరవై ఎనిమిదో తేదీ, శుక్రవారం. చీటీలు వేస్తే తెల్ల పావులు నాకొచ్చాయి. తెల్లపావులు, పైగా డ్రా అయితే చాలు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఆడితే సరిపోతుంది. భయం దేనికి? భయం లేదు.

టైపిస్టు వచ్చాడు. కానీ అతని మీద చాలా పని ఉంది, పాపం.

మార్చి 17, సోమవారం

ఈ రోజు జరిగింది పూర్తిగా రాయాలి.

ఏడో నంబరు బస్సు ఎప్పుడు బయటికొస్తుందో కనుక్కోడానికి బాడీ షాపుకి వెళ్లాను. ఫోన్ చేసి అడగొచ్చు. వెళ్లాను. ఆవిడ బోర్లా వేసిన ఒక పీపా మీద కూర్చుని టీ తాగుతోంది. నన్ను చూసి ఇంకో పీపా దొర్లించి, గుడ్డతో తుడిచి "కూర్చోండి సార్" అంది.

ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగేశాను. "ఆ బంటుని ఊరికే ఎందుకిస్తావమ్మా? నేను జాగ్రత్తగా ఆడితే నీకే నష్టం కదా."

కాసేపు ఆలోచించింది. ఏది అడిగినా ఆలోచించే చెబుతుంది. "మంత్రి బంటుతో మొదలుపెట్టేవాళ్లు ఇల్లు సర్దుకునేవాళ్లండీ. వాళ్లని సర్దుకోనిచ్చామా, ఇక ఆ ఇంట్లోంచి కదలరు. నా ఆట కూడా వాళ్లింట్లోనే ఆడాలి. అందుకే ముందే తలుపు తీసేస్తాను. ఒక బంటు పోతుంది. పోనీండి. మిగతా పావులన్నీ లేచి నిలబడతాయి కదా."

"తప్పయితే?"

"తప్పయితే ఓడిపోతాను. ఎవరూ ఇంట్లోంచి వెళ్లగొట్టరు కదండీ."

నేను నవ్వేశాను. నాకు ఇరవై ఏళ్ల కిందటే ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే బాగుండేది. ఇది అక్షరాలా నిజం: ఈవిడ ఆట చూశాక నా ఆట నాకు ట్రిప్ షీటులా కనిపిస్తోంది. అన్నీ టైముకే ఉంటాయి. ఎక్కడికీ వెళ్లాలనిపించదు.

లేవబోతుంటే అడిగింది. "సార్, నేను ఇంట్లో నేర్చుకున్నదాన్ని. ఇక్కడి ఆటలో నాకు తెలియనివేమైనా ఉంటే చెప్పండి. ముందే దిద్దుకుంటాను."

నా మొహంలోకే చూస్తూ అడిగింది. టీ గ్లాసు చేతిలోనే ఉంది, తాగడం ఆపింది.

"ఏమీ లేవమ్మా. నీకన్నీ వచ్చు" అన్నాను.

"సరేనండీ" అంది. మాస్కు దించుకుంది.

మార్చి 18, మంగళవారం

చదరంగం పోటీ ఆట. పోటీలో అవతలివాళ్లకి తెలియనివన్నీ చెప్పుకుంటూ పోతే ఇక ఆటెందుకు? ఏ పుస్తకంలోనూ అలా లేదు. నేనేమీ అబద్ధం చెప్పలేదు. వచ్చు అన్నాను. నిజంగానే వచ్చు.

భోంచేస్తూ మా ఆవిడతో "ఆ కాగితం మరీ పాతదైపోయింది, అందుకే తీసేశాను, ఇంకేం లేదు" అన్నాను.

"ఏ కాగితం? నేనేం అడగలేదే."

"ఊరికే చెప్తున్నాను."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది" అని గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నె ఖాళీ కూడా కాలేదు.

మార్చి 19, బుధవారం

రేపు చెప్పాలి.

మార్చి 22, శనివారం

నాకే నవ్వొచ్చే పని చేశాను. ఆవిడ ఎత్తు నేను వేసి చూద్దామనిపించింది. తొమ్మిదో నంబరు డ్రైవరు మంత్రి బంటుతో మొదలుపెట్టాడు. నేను రాజు బంటుని రెండు గడులు తోసి ఊరికే ఇచ్చాను. ఇచ్చిన బంటుని ఎలాగైనా వెనక్కి తెచ్చుకోవాలని మంత్రిని పరుగెత్తించాను, గుర్రాన్ని పరుగెత్తించాను. దాని వెనకాల తిరిగి తిరిగి ఇరవై ఎత్తుల్లో ఓడిపోయాను. ఇచ్చిందాన్ని ఇచ్చాననుకోవడం నాకు చేతకాలేదు.

ఆవిడ నా వెనకాలే నిలబడి చూసిందట. నాకు తెలియదు. లేవగానే "మొదటి నాలుగు ఎత్తులు భలే వేశారండీ" అంది. అయిదో ఎత్తు గురించి ఒక్క మాట అనలేదు. ఇలాంటి మర్యాద ఎక్కడ నేర్పుతారో గానీ మా జట్టులో ఎవరికీ నేర్పలేదు.

మార్చి 25, మంగళవారం

ఈ నెలలో నాతో ఆరు ఆటలు ఆడింది. రెండు గెలిచింది, ఒకటి ఓడింది, మిగతావి డ్రా. మొదటి రోజు తప్ప ఆవిడ బంటు ఒక్కటీ చివరి గడి చేరలేదు. చేరకుండా నేనే చూస్తున్నాను. దానికోసం రెండుసార్లు ఏనుగుని కూడా పోగొట్టుకున్నాను. ఎందుకంటే బంటు దిగితే ఆవిడ ఏదో ఒక పావు పేరు చెప్తుంది, చుట్టూ ఉన్న డ్రైవర్లలో ఎవడో ఒకడు "అదేంటమ్మా, మంత్రినే తీసుకోవచ్చుగా" అంటాడు.

రాసినదాన్ని మళ్లీ చదివాను. ఈ పేజీ చింపేద్దామనుకున్నాను. ఉండనీ.

మార్చి 27, గురువారం

రేపు ఆట మొదలయ్యే ముందే చెబుతాను. అందరి ముందూ చెబుతాను. "అమ్మా, ఒక చిన్న రూలు" అని. అప్పుడు నాకూ మర్యాదగా ఉంటుంది. గట్టిగా అనుకున్నాను.

మార్చి 28, శుక్రవారం

చెప్పలేదు.

గది నిండిపోయింది. కిటికీ బయట కూడా జనం నిలబడ్డారు. ఆవిడ డ్యూటీ బట్టల్లోనే వచ్చింది, చేతులు మాత్రం శుభ్రంగా కడుక్కుంది. గోర్ల చివర మసి పోలేదు. నేను మంత్రి బంటుని రెండు గడులు జరిపాను. ఆవిడ అదే ఎత్తు వేసింది. ఓడితే బల్ల దక్కదన్నా, డ్రా పనికిరాదన్నా, ఈ నెలంతా నేను దానికి మందు చదివానని తెలిసినా అదే ఎత్తు. బంటుని నా ముందు పెట్టి నాకేసి చూసి చిన్నగా నవ్వింది.

అక్కణ్ణుంచి ఏం జరిగిందో పూర్తిగా రాయలేను. అంత బాగా ఆడింది. నట్టింట్లో ఆ బంటు ఇరవై ఏడు ఎత్తులు కూర్చుంది. చివరికి చంపాను, కానీ అది చచ్చేలోగా నా మంత్రి, రెండు ఏనుగులూ దాని చుట్టూ తిరిగి అలిసిపోయాయి. ఒక దశలో మంత్రిని మంత్రి, ఏనుగుని ఏనుగు చంపుకున్నాయి. పావులన్నీ పెట్టెలోకి వెళ్లిపోయి, బల్ల మీద నలుగురే మిగిలారు. నా రాజు, నా ఒక బంటు, ఆవిడ రాజు, ఆవిడ ఒక బంటు. నా బంటు చివరికి రెండు గడుల దూరంలో ఉంది. ఆవిడ బంటు ఒక్క గడి దూరంలో ఉంది, అటు చివర, ఏనుగు గడి ముందర.

ఓడిపోయానని తెలుసు. అప్పుడు ఒక దారి కనిపించింది. నా రాజుని నా బంటు ముందుకే తెచ్చాను. ఆ బంటు ఇక కదల్లేదు. ఆవిడ రాజు నా రాజు పక్క గడులన్నీ కాపు కాస్తున్నాడు. మిగిలింది ఒక్క మూల గడి. ఇప్పుడు ఆవిడ బంటు దిగి మంత్రి అయితే, ఆ మంత్రి చూపు ఏటవాలుగా బల్లంతా దాటి వచ్చి ఆ మూల గడి మీద పడుతుంది. నా రాజుకి చెక్ ఉండదు, కదలడానికి గడీ ఉండదు. అలాంటప్పుడు ఆట డ్రా. డ్రా అయితే బల్ల నాది.

గడియారం టిక్కుటిక్కుమంటోంది. "మంత్రి అను తల్లీ, మంత్రి అను" అని లోపల మొక్కుకుంటున్నాను. నిజంగా. నెల రోజులుగా ఏ మాట ఆవిడకి తెలియకూడదని గోడ మీది కాగితం కూడా దాచానో, ఆ మాటే ఆవిడ నోట రావాలని మొక్కుకుంటున్నాను. ఆ క్షణంలో ఆ తేడా నాకు తెలియలేదు.

బంటుని చివరి గడిలోకి తోసింది. దాన్ని తీసి పక్కన పెట్టి, చచ్చిన పావుల్లోంచి ఒకటి ఎంచి అక్కడ నిలబెట్టింది. ఏనుగు.

ఏనుగు గడిలో ఏనుగు. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తవ్వి, కొలిచి, టైము రాసుకుని మరీ పడ్డాను. ఏనుగు ఏటవాలుగా చూడదు. మూల గడి నా రాజుకి ఖాళీగా ఉంది. ఉన్నది ఆ ఒక్కటే, కాబట్టి అక్కడికే వెళ్లాలి. వెళ్లాను. ఆవిడ రాజు ఒక గడి దగ్గరికొచ్చాడు. నేను ఏది కదిపినా ఒకటే. ఏనుగుని నిలువునా తెచ్చి "చెక్ అండీ" అంది ఆవిడ. ఆట కట్టు.

గది దద్దరిల్లిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను. నటన కాదు. చేతులు వాటంతటవే కొట్టాయి.

తర్వాత జరిగింది రేపు రాస్తాను.

మార్చి 29, శనివారం

నిన్న అందరూ వెళ్లాక పావులు పెట్టెలో సర్దుతున్నాం, ఆవిడా నేనూ. తెల్లవి నేను, నల్లవి ఆవిడ. ఇక దాచలేకపోయాను.

"అమ్మా, నీకో మాట చెప్పాలి. ఎప్పుడో చెప్పాల్సింది. బంటు చివరి గడి చేరితే ఆ గడి పావే కానక్కర్లేదు. ఏదైనా తీసుకోవచ్చు. మంత్రిని కూడా. నాకు మొదటి రోజే తెలుసు. చెప్పలేదు."

ఆవిడ ఏనుగుని పెట్టెలో పడుకోబెట్టింది. "తెలుసండీ."

"ఏం తెలుసు?"

"రూలు. మొదటి రోజు తెలియదు. ఆ వారమే గోడ మీద చదివాను. నేను చదివి వెళ్లాక సోమవారం వచ్చి చూస్తే కాగితం లేదు."

చేతిలో ఉన్న తెల్ల బంటుని పెట్టెలో పడేశాను.

"మరి ఇందాక మంత్రిని ఎందుకు తీసుకోలేదు?"

"తీసుకుంటే మీ రాజు ఎటు కదులుతాడండీ? డ్రా అయిపోయేది కదా."

"బాడీ షాపులో నన్ను అడిగావు. అప్పటికే తెలుసా?"

"ఆ. మీరు చెప్తారేమోనని అడిగాను." కోపంగా అనలేదు. బస్సు ఎన్నింటికి అని అడిగినంత మామూలుగా అంది. నాకు కోపంగా అని ఉంటేనే బాగుండేది.

"నన్ను తిట్టమ్మా" అన్నాను.

పెట్టె మూత వేసి కొక్కెం పెట్టింది. "తిడదామనే అనుకున్నానండీ చాలా రోజులు. కానీ ఇందాక చివర్లో మీరు రాజుని ఆ మూలకి తెస్తున్నారు చూడండి, అప్పుడు అర్థమైంది. నేను మంత్రినే తీసుకుంటానని నమ్మి తెస్తున్నారు. అంటే ఆ కాస్సేపు నాకేదో తెలియదన్న సంగతి మీరే మర్చిపోయారు. నాతో సమానంగా ఆడారు. అది బాగుంది నాకు." లేచి కుర్చీని బల్ల కిందికి జరిపింది. "ఉచ్చు కూడా భలే పన్నారండీ. కొద్దిలో పడేదాన్ని."

ఆవిడ వెళ్లాక పెట్టెని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంటికి వెళ్లి మా ఆవిడకి అంతా చెప్పాను. కాగితం సంగతి కూడా. "ఆవిడని ఒకసారి భోజనానికి పిలవండి" అంది.

మార్చి 30, ఆదివారం

ఆలోచిస్తుంటే ఒక అనుమానం. నిజంగా చదివిందా? నాయనమ్మ రూలు ప్రకారం ఎలాగూ ఏనుగే. తీసుకున్నాక కారణం ఎవరైనా చెప్పొచ్చు. నా పరువు కాపాడదామని అలా అని ఉండొచ్చు. ఆ కాగితం అంత చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని నిలబడి ఎవరు చదువుతారు? పదకొండేళ్లలో ఎవరూ చదవగా నేను చూడలేదు.

అలా అయితే నేను చేసింది కొంత...

మార్చి 31, సోమవారం

పొద్దున మొదటి బస్సు పంపించి సొరుగు తీశాను. మూడు వారాల్లో ఆ కాగితాన్ని ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు నేను. టైపు చేయించాలనుకున్నవాణ్ణి, చదవనైనా లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను.

తొమ్మిదో రూలు. బంటు చివరి వరుస చేరితే ఆటగాడు తనకిష్టమైన పావుని తీసుకోవచ్చు. ఆ లైను పక్కన మసి వేలిముద్ర ఉంది. పదం వెంట పదం తడుముతూ చదివినట్టు లైను పొడుగునా చిన్న చిన్న మసి చుక్కలు, చివర "పావుని" దగ్గర బొటనవేలు గట్టిగా ఆనింది. అతుకు గట్టిగా పడిందో లేదో చూసుకునేటప్పుడు తడుముతుందే, అలాగే.

నేను తీసి దాచేటప్పటికే ఆ ముద్ర అక్కడుంది. నా సొరుగులో, నా బస్సుల పుస్తకాల కింద.

భోజనాల ముందు వెళ్లి కాగితాన్ని మళ్లీ గోడకి పెట్టాను, నాలుగు మూలలా నాలుగు గుండుసూదులు గుచ్చి. పక్కన జట్టు పేర్ల పట్టీ ఉంది. మొదటి బల్ల ఎదురుగా నా పేరు కొట్టేసి వెల్డరమ్మ పేరు రాశాను, రెండో బల్ల ఎదురుగా నాది రాసుకున్నాను. రాత బాగానే వచ్చింది.

స్టోర్స్ ఆయన వచ్చి చూశాడు. "ఇంత మసి కాగితం ఎందుకు గురువుగారూ? టైపిస్టు ఖాళీగానే ఉన్నాడు, కొత్తది కొట్టిస్తే సరి."

"వద్దు" అన్నాను. "ఇదే ఉండనివ్వండి."